మారెమ్మ గుడి కట్టించిన ఫారెస్టాఫీసరు

మా నక్కపల్లి వైపు అడవి కథ ఎవరు చెప్పినా అందులో ఫారెస్టువాడు మంచివాడుగా ఉండడు. ఉత్తరంగా నర్సీపట్నం వైపు వెళ్ళేకొద్దీ ఆ కథలు ఇంకా చిక్కబడతాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు కొట్టుకునేవాడి చేతిలో గొడ్డలి లాక్కుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి కొండ మీదికి రోడ్డు వేయించిన గూడెం తాసిల్దారు బాస్టియన్, కూలి సరిగ్గా ఇవ్వకుండా మన్యంవాళ్ళ చేత చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద పడ్డాడంటే వెనక ఆ గొడ్డలి కోపం, ఆ కూలి కోపం ఉన్నాయి. వందేళ్ళు దాటినా మా వైపు ముసలివాళ్ళ నోట 'ఫారెస్టోళ్ళు' అన్న మాట చేదుగానే వస్తుంది. కట్టెల మోపు దింపించేవాడు, మామూలు అడిగేవాడు, చెక్‌పోస్టు దగ్గర అడ్డకర్ర దించేవాడు.

ఇలాంటి చోట కూర్చుని, ఒక ఫారెస్టాఫీసరును తమవాడిగా తలుచుకునే ఊరి కథ చెప్పబోతున్నాను. అదీ మామూలు ఊరు కాదు. గంధపు చెక్క దొంగ, ఏనుగుల వేటగాడు వీరప్పన్ పుట్టిన ఊరు. ఆ ఊళ్ళో ఆ ఆఫీసరు మారెమ్మకు గుడి కట్టించాడు. మన గోదావరి వైపు మరిడమ్మ అని మొక్కే తల్లే ఆవిడ. ఆయన పోయాక ఊరివాళ్ళు ఆయన ఫోటోను ఆ తల్లి దగ్గరే పెట్టుకున్నారు.

ఆయన పేరు పందిళ్ళపల్లి శ్రీనివాస్. మనవాడే. 1954 సెప్టెంబరు 12న రాజమండ్రిలో పుట్టాడు. నక్కపల్లిలో పొద్దున్నే బస్సెక్కితే తుని, అన్నవరం దాటుకుని మధ్యాహ్నం లోపే దిగే ఊరు అది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రాలు చదివాడు. 1979లో ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులో చేరితే కర్ణాటక కేడరు వచ్చింది. గోదావరి ఒడ్డున పెరిగినవాడికి కావేరి ఒడ్డు అడవులు పడ్డాయి. ఆయన చదువు గురించి, ఇంటి గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పను. ఆయన అసలు కథ చామరాజనగర అడవుల్లోది, అక్కడే ముగిసింది.

ఆ అడవిని కాస్త చూడాలి. కావేరి కర్ణాటక నుంచి తమిళనాడులోకి దిగే చోట హొగెనకల్ జలపాతం ఉంది. దానికి పడమరగా మలై మహదేశ్వర కొండలు, వాటికి దక్షిణంగా సత్యమంగళం అడవులు, ఇంకా పడమరగా బిళిగిరిరంగన కొండలు. రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు కాగితం మీద ఉంటుంది కానీ అడవిలో పాలారు లాంటి వాగులే గుర్తు. ఒక పక్క పోలీసు తరిమితే రెండో పక్కకు నడిచి వెళ్ళిపోవచ్చు. గోపీనాథం కర్ణాటకలో ఉన్న తమిళం మాట్లాడే ఊరు. బెంగుళూరుకు దూరం, మద్రాసుకు మరీ దూరం. ప్రభుత్వం అనేది ఆ ఊరికి ఖాకీ బట్టల్లోనే కనబడేది.

ఆ అడవిలో డబ్బు రెండు రూపాల్లో ఉండేది. మొదటిది గంధం. టిప్పు సుల్తాను 1792లో గంధపు చెట్టును రాజవృక్షంగా ప్రకటించాడు. రాజులు పోయారు, ఇంగ్లీషువాళ్ళు పోయారు, ఆ పద్ధతి మాత్రం పోలేదు. సొంత పొలంలో మొలిచినా గంధపు చెట్టు సర్కారుదే. కర్ణాటకలో ఆ చట్టం మారి చెట్టు మీద రైతుకు హక్కు వచ్చింది 2001లో. ఎండు అడవుల్లో పక్క చెట్ల వేళ్ళ నుంచి కొంత తిండి లాక్కుంటూ, నింపాదిగా పెరిగే చెట్టు అది. పైన తెల్ల చెక్కకు వాసన ఉండదు. లోపలి చేవకే సుగంధం, ఆ చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. దాన్ని నరకడానికి ఒక పూట చాలు. చేవ చెక్కి మోపు కట్టి రాత్రికి రాత్రి మోసే కూలికి దక్కేది కూలి డబ్బులే, కానీ ఆ ఊళ్ళో మరే పనికీ అంత కూలి లేదు. అసలు లాభం ఎక్కడో పట్నంలో నూనె తీసేవాడిది, మధ్యవర్తిది. ఈ లెక్క ఏ అడవిలోనైనా ఇంతే. మా ఏజెన్సీ నుంచి గంజాయి మూటలు దిగే దారుల్లోనూ పట్టుబడేది మోసినవాడే.

రెండోది దంతం. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడదానికీ మగదానికీ దంతాలుంటాయి. మన ఆసియా ఏనుగుల్లో మగవాటికే ఉంటాయి, వాటిలోనూ కొన్ని మఖనాలు, అంటే దంతాలు లేనివి. కాబట్టి మన వేటగాడు ఏరి ఏరి మగ ఏనుగునే కొడతాడు. మందలు పైకి నిండుగానే కనబడతాయి. పదేళ్ళ తరువాత చూస్తే ఈడొచ్చిన మగవి లేక పిల్లలు తగ్గుతాయి. డెబ్భై, ఎనభైల్లో దక్షిణాది అడవుల్లో జరిగింది ఇదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1977లో ఏనుగును మొదటి షెడ్యూలులోకి ఎక్కించారు, 1986లో మన దంతపు వ్యాపారాన్ని నిషేధించారు. చట్టాలు ఢిల్లీలో గట్టిపడుతున్న ఆ ఏళ్ళలోనే వీరప్పన్ అడవిలో గట్టిపడ్డాడు. సేవి గౌండర్ అనే పాత వేటగాడి దగ్గర పని నేర్చుకుని, నాటు తుపాకితో గురి తప్పనివాడని పేరు తెచ్చుకున్నాడు. ఎన్ని ఏనుగుల్ని చంపాడన్నది ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. వందల్లో అన్నది మాత్రం ఎవరూ కాదనరు.

అదే కాలంలో ఆఫ్రికా కూడా ఇలాగే కాలిపోతోంది. 1979లో 13 లక్షలు అనుకున్న ఏనుగులు పదేళ్ళలో సగానికన్నా తగ్గి 6 లక్షలకు వచ్చాయి. 1989 జులైలో కెన్యా అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ నైరోబీలో 12 టన్నుల దంతాల గుట్టకు బహిరంగంగా నిప్పు పెట్టాడు. ఆ ఏడాది అక్టోబరులోనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఆఫ్రికా దంతపు వ్యాపారం నిషేధమైంది. అక్కడ అడవి సిబ్బందికి ఆటోమేటిక్ తుపాకులు, హెలికాప్టర్లు వచ్చాయి. వేటగాడు కనబడితే కాల్చమన్న ఉత్తర్వులూ వచ్చాయి. మన శ్రీనివాస్ దగ్గర జీపు ఉంది.

1986లో ఆయన వీరప్పన్‌ను పట్టుకున్నాడు. అవును, పట్టుకున్నాడు. ఈ ఒక్క మాట దగ్గర ఆగాలి. ఎందుకంటే తరువాత వేలమంది పోలీసులు, రెండు రాష్ట్రాల ప్రత్యేక దళాలు, సరిహద్దు దళాలు ఏళ్ళ తరబడి చేయలేని పని అది. బెంగుళూరులో దొరికిన వీరప్పన్‌ను విచారణ కోసం బూదిపడగ అటవీ బంగళాకు తెచ్చారు. శ్రీనివాస్ అక్కడ లేని సమయంలో అతను తప్పించుకున్నాడు. ఎలా అన్నదానికి ఒక్కో నోట ఒక్కో మాట. తలనొప్పి అని నూనె అడిగి, మణికట్టుకు రాసుకుని బేడీలు జార్చేశాడని ఒక కథ. డబ్బు చేతులు మారిందని ఇంకో కథ. ఏ కథ నిజమైనా ఒకటి ఖాయం. ఆ మనిషి తరువాత ఏమవుతాడో కాపలా ఉన్నవాళ్ళకు అప్పటికి తెలియదు. దంతాల దొంగ ఒకడు దొరికాడు, ఒకడు పోయాడు, అంతే అనుకుని ఉంటారు. అప్పటికి అతని పేరు పత్రికల్లో పెద్దగా లేదు. అప్పటికి అతని చేతుల్లో పోయినవాళ్ళ లెక్క తరువాతి లెక్క ముందు చిన్నదే.

1987లో సత్యమంగళం వైపు చిదంబరం అనే తమిళనాడు అటవీ అధికారిని ఎత్తుకుపోయి చంపారు. 1990 ఏప్రిల్లో హొగెనకల్ దగ్గర కర్ణాటక పోలీసుల్ని కాల్చి చంపారు. అప్పుడు గానీ ప్రభుత్వాలు కదలలేదు. 1990లో రెండు రాష్ట్రాలూ ప్రత్యేక కార్యదళాలు ఏర్పాటు చేశాయి. కర్ణాటక దళంలో అటవీశాఖ నుంచి శ్రీనివాస్ ఉన్నాడు. అప్పటికాయన డిప్యూటీ కన్జర్వేటర్. పారిపోయినవాడిని మళ్ళీ పట్టాలన్న పట్టుదల ఆయనకు ఉండి ఉండాలి. అయితే దాన్ని ఆయన తీర్చుకోబోయిన దారి మాత్రం పోలీసులకు తోచిన దారి కాదు.

ఆయన గోపీనాథం వెళ్ళి ఆ ఊళ్ళోనే మకాం పెట్టాడు.

ఇది ఎంత వింత నిర్ణయమో మా నర్సీపట్నం వైపు మనిషికి చెబితే వెంటనే అర్థమవుతుంది. ఊరంతా వాడి బంధువులు, వాడి కూలీలు, వాడంటే భయపడేవాళ్ళు, వాడి డబ్బు తిన్నవాళ్ళు. తెలుగువాడు, కన్నడ సర్కారు ఉద్యోగం, తమిళం మాట్లాడే ఊరు. అక్కడ ఫారెస్టువాడు కనబడితే తలుపులు మూసుకోవడమే అలవాటు. అలాంటి చోట ఆయన మొదట చేసినవి దాడులు కావు. మంచినీళ్ళు చూశాడు. దారి చూశాడు. వైద్యం అందని పల్లెలకు తిరిగే మందుల బండి పెట్టించాడు. ఇళ్ళు లేనివాళ్ళకు ఇళ్ళు కట్టించే పని పెట్టుకున్నాడు. ఊరి మారెమ్మకు గుడి కట్టించాడు. ఇందులో తన జీతం డబ్బులు కూడా పోశాడని ఆయనతో పనిచేసినవాళ్ళు, ఊరివాళ్ళు చెబుతూ వచ్చారు.

దీన్ని దయ అని సరిపెట్టుకుంటే ఆయన్ని తక్కువ చేసినట్టే. నాకు ఇందులో గట్టి లెక్క కనబడుతుంది. వీరప్పన్ బలం అతని తుపాకిలో ఎంత ఉందో ఊళ్ళో అంతకన్నా ఎక్కువ ఉంది. బియ్యం వెళ్ళేది ఊరి నుంచి, కబురు వెళ్ళేది ఊరి నుంచి, మోసేవాడు వచ్చేది ఊరి నుంచి. ఊళ్ళో జబ్బు చేస్తే, పెళ్ళొస్తే డబ్బు ఇచ్చేవాడు అతనే అయినంత కాలం ఊరు అతనిదే. ఆ స్థానంలో ఇంకొకడు వచ్చి నిలబడాలి, అదీ దగ్గరుండి నిలబడాలి. శ్రీనివాస్ ఆ పని చేశాడు. ఫలితం కూడా వచ్చింది. ముఠాతో తిరిగినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి లొంగిపోవడం మొదలెట్టారు. వీరప్పన్ తమ్ముడు అర్జునన్ కూడా వచ్చాడు. వీరప్పన్ చెల్లెలు ఆ మందుల పనిలో సాయంగా ఉండేదని చెబుతారు.

ఆ చెల్లెలే 1991లో ఆత్మహత్య చేసుకుంది. ఎందుకన్నదాని మీద నేను కథలు అల్లను. ఆ చావుకు శ్రీనివాసే కారణమని వీరప్పన్ పగపట్టాడన్నది మాత్రం ఆ కాలం గురించి వచ్చిన చాలా కథనాల్లో ఉంది. పగకు అదొక్కటే కారణమనుకోను. తన ఊళ్ళో తనకన్నా ఎక్కువ గౌరవం ఇంకొకడికి దక్కుతుంటే, తన మనుషులు రాత్రికి రాత్రి తుపాకులు దించి వెళ్ళిపోతుంటే, వీరప్పన్‌కు ఆ ఆఫీసరు మిగతా పోలీసులందరికన్నా ప్రమాదకరంగా కనబడి ఉంటాడు. నిజానికి కనబడాల్సిందే.

అర్జునన్ కబురు తెచ్చాడు. అన్న లొంగిపోతానంటున్నాడు, అయితే పోలీసుల్ని నమ్మడు, మీరే రావాలి, ఆయుధం లేకుండా రావాలి.

1991 నవంబరు 10, ఆదివారం. శ్రీనివాస్ తుపాకి లేకుండా, బలగం లేకుండా, అర్జునన్‌తో పాటు ఇంకొందరు ఊరివాళ్ళ వెంట గోపీనాథం నుంచి అడవిలోకి నడిచాడు. ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరమే. అక్కడ పొంచి ఉన్న వీరప్పన్, అతని మనుషులు ఆయన్ని కాల్చి చంపారు. తల నరికారు. మొండెం దొరికింది కానీ తల దొరకలేదు. అది దొరికేసరికి మూడేళ్ళు పట్టింది. చనిపోయేనాటికి ఆయన వయసు 37.

ఆ తలతో వాళ్ళేం చేశారన్నదాని మీద చాలా రాతలు ఉన్నాయి. నేను రాయను. చంపినవాడి కసిని మళ్ళీ మళ్ళీ వర్ణించడం వాడికి మీసం దువ్వడమే అవుతుంది. మన పత్రికలు, సినిమాలు ఆ పని చాలా చేశాయి.

1992లో రాష్ట్రపతి ఆయనకు మరణానంతరం కీర్తిచక్ర ప్రకటించారు. యుద్ధరంగం బయట చూపిన సాహసానికి ఇచ్చే పతకాల్లో అది రెండోది. సైనికుల పేర్ల మధ్య ఒక అటవీ అధికారి పేరు ఉండటం అరుదు.

ఇక తరువాతి కథ. శ్రీనివాస్‌తో పాటు ఆయన పద్ధతి కూడా ఆ అడవిలో పడిపోయింది. నాకు అసలు దుఃఖం ఇక్కడే. 1992 మేలో ముఠా రామాపుర పోలీసుస్టేషన్ మీద పడి కానిస్టేబుళ్ళను చంపింది. అదే ఏడాది ఆగస్టు 14న ఎస్పీ హరికృష్ణ, ఎస్సై షకీల్ అహ్మద్ మరికొందరితో మీణ్యం దగ్గర మాటులో చిక్కి చనిపోయారు. వాళ్ళనూ నమ్మించి పిలిపించిన కబురే అక్కడికి తీసుకెళ్ళింది. 1993 ఏప్రిల్ 9న పాలారు దగ్గర మందుపాతర పేలి 22 మంది పోయారు. వాళ్ళలో పోలీసులు, అటవీ సిబ్బంది, దారి చూపడానికి వచ్చిన ఊరివాళ్ళు కూడా ఉన్నారు. ప్రతి దెబ్బకూ ప్రభుత్వం ఊళ్ళ మీద ఇంకా బరువుగా పడింది. ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద కేసులు, చిత్రహింసలు, మాయమైన మనుషులు. జాతీయ మానవహక్కుల కమిషన్ 1999లో జస్టిస్ సదాశివ నాయకత్వాన విచారణ వేసింది. చివరికి 2007లో 89 మందికి నష్టపరిహారం ఇమ్మంది. అంటే ఊళ్ళు చెప్పిన మాటల్లో నిజం ఉందని ఒప్పుకున్నట్టే.

ధర్మపురి జిల్లాలోని వాచాత్తి సంగతి ఇంకా ఘోరం. 1992 జూన్ 20న గంధపు చెక్క దాచారంటూ అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది కలిసి ఆ గిరిజన గ్రామం మీద పడ్డారు. 18 మంది ఆడవాళ్ళ మీద అత్యాచారం జరిగింది. ఇళ్ళు పగలగొట్టారు, బావులు పాడుచేశారు. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి కోర్టు 269 మంది నిందితులూ దోషులే అని తీర్పు చెప్పింది. అప్పటికే వాళ్ళలో 54 మంది చనిపోయారు. 2023లో మద్రాసు హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే గుండె బరువెక్కుతుంది. గంధపు చెక్క కోసం వాచాత్తి మీద పడ్డ రోజుకు, శ్రీనివాస్ పోయి ఎనిమిది నెలలు కూడా కాలేదు. ఒకే ఖాకీ, ఒకే గంధం. ఆయన ఒక ఊరికి మందుల బండి తెచ్చాడు, వీళ్ళు ఇంకో ఊరికి లారీల్లో బలగాన్ని తెచ్చారు. మా మన్యంలో బాస్టియన్ నుంచి మనం చూసిన సర్కారు మనిషి ఈ రెండోవాడే.

అర్జునన్ 1995లో పోలీసుల అదుపులో చనిపోయాడు. అన్న తరఫున కబురు మోసినవాడు అన్నకన్నా తొమ్మిదేళ్ళ ముందే పోయాడు. వీరప్పన్ మాత్రం అంతకంతకూ పెద్దవాడయ్యాడు. 2000 జులై 30న కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను ఎత్తుకుపోయి 108 రోజులు రెండు ప్రభుత్వాల్ని నిలబెట్టాడు. అప్పుడు మన తెలుగు పత్రికల్లో రోజూ అతనే. ఆ మీసం మన ఊళ్ళలో చిన్నపిల్లలకూ తెలుసు. రాజమండ్రి కుర్రాడు ఒకడు పద్నాలుగేళ్ళ ముందే అతన్ని పట్టుకున్న సంగతి ఎంతమందికి తెలుసు? 2016లో రామ్‌గోపాల్ వర్మ వీరప్పన్ మీద సినిమా తీశాడు. అది అతన్ని చంపిన ఆపరేషన్ కథ. చంపడం సినిమాకు బాగా పనికొస్తుంది. మంచినీళ్ళ పైపు వేయించడం, గుడికి సిమెంటు తెప్పించడం పనికిరావు. వర్మను తప్పుపట్టి లాభం లేదు, టిక్కెట్టు కొనేది మనమే.

మన నేల మీదికి వద్దాం. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఎర్రచందనం దొంగలు శ్రీధర్, డేవిడ్ కరుణాకర్ అనే ఇద్దరు అటవీ అధికారుల్ని కొట్టి చంపారు. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎర్రచందనం కథలోనూ నరికేవాడు కొండల్లోంచి వచ్చిన కూలీ, కొనేవాడు సముద్రం అవతల. 2022 నవంబరు 22న చండ్రుగొండ రేంజరు చలమల శ్రీనివాసరావును పోడు గొడవలో గుత్తికోయలు నరికి చంపారు. అక్కడ దొంగతనం లేదు, భూమి తగాదా ఉంది. అయినా చచ్చింది కింద నిలబడిన ఉద్యోగే, జైలుకు పోయింది కొండ మీది పేదవాడే. ఈ మూడు సంఘటనల్లో ఏ ఒక్కదాని దగ్గరైనా, ఊళ్ళో మకాం పెట్టి రెండేళ్ళు ఉండగల ఆఫీసరు ఒకడుంటే ఏమయ్యేదో అని ఆలోచిస్తాను. జవాబు నా దగ్గర లేదు, ఆలోచన మాత్రం వదలదు.

ఆఫ్రికాలోనూ ఇదే కథ. దక్షిణాఫ్రికాలో టింబవాటి అభయారణ్యం రేంజర్ల పెద్ద ఆంటన్ మ్జింబాను 2022 జులై 26న ఆయన ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఖడ్గమృగాల కొమ్ముల దొంగలకు లొంగనివాడని పేరున్న మనిషి. బెదిరింపులు వస్తున్నాయని ఆయనకు తెలుసు, పైవాళ్ళకూ తెలుసు. అయినా మానలేదు. కాపలా ఉద్యోగంలో చావు తరచుగా తెలిసినవాడి వైపు నుంచే వస్తుంది. అడవి దొంగ ఎక్కడో ఆకాశం నుంచి దిగడు. పక్క ఊరివాడు, తోటి ఉద్యోగి బావమరిది, నిన్న టీ తాగించినవాడు. అందుకే ఆ ఉద్యోగంలో ఎవరినీ నమ్మకుండా పనిచేయడం కుదరదు, అందరినీ నమ్మి బతకడం కుదరదు.

గోపీనాథం ఇప్పుడు చామరాజనగర జిల్లాలో ఉంది. శ్రీనివాస్ ఉన్నప్పుడు ఆ జిల్లాయే లేదు, అంతా మైసూరు జిల్లా. ఊరి చుట్టూ అడవిలో ఎక్కువ భాగం కావేరి, మలై మహదేశ్వర అభయారణ్యాల కింద ఉంది. కర్ణాటక ప్రభుత్వ జంగిల్ లాడ్జెస్ సంస్థ అక్కడ పర్యాటకులకు గుడారాలు వేసింది. ఒకప్పుడు పోలీసులే పోవడానికి జంకిన చోట ఇప్పుడు బెంగుళూరు కుటుంబాలు పిల్లల్తో వచ్చి ఏనుగుల్ని చూసిపోతున్నాయి. శ్రీనివాస్ నడిపిన జీపును అటవీశాఖ దశాబ్దాల తరువాత వెతికి పట్టి బాగుచేయించింది. ఆయన చనిపోయిన చోట స్మారకం ఉంది. నవంబరు 10 వస్తే సిబ్బంది, ఊరివాళ్ళు కలిసి తలుచుకుంటారు. ఊరు ఆయన్ని మరిచిపోలేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పోలీసు అకృత్యాలు చూసిన ఊరు, తన పిల్లల్ని టాడా కింద పోగొట్టుకున్న ప్రాంతం, ఒక ఖాకీ మనిషిని మాత్రం వేరుచేసి గుర్తుపెట్టుకుంది. జనానికి ఆ మాత్రం విడదీసి చూసే తెలివి ఉంటుందని ప్రభుత్వాలు ఎప్పుడూ నమ్మవు.

ఆయన అమాయకుడని అనేవాళ్ళున్నారు. పోలీసు దళంలోనూ అన్నారు, తరువాత పుస్తకాలు రాసినవాళ్ళూ అన్నారు. హంతకుడి మాట మీద తుపాకి లేకుండా అడవిలోకి ఎవరు వెళ్తారు? ప్రశ్న సబబే. నా మాట ఇది. ఆయన పొరపాటు పడింది ఒక మనిషి విషయంలో, ఊరి విషయంలో కాదు. ఊరి విషయంలో ఆయన లెక్క సరిగ్గా ఉంది కాబట్టే ముఠా కరిగింది, కరుగుతోంది కాబట్టే వాడు ఆయన్ని చంపాల్సి వచ్చింది. నిరాయుధంగా వెళ్ళడం కూడా ఆ ఊళ్ళో చేసిన పనికి కొనసాగింపే. తుపాకి పట్టుకుని ఆ ఊరికి వెళ్ళి ఉంటే అర్జునన్ లొంగేవాడు కాదు, ఆ కబురూ వచ్చేది కాదు. జాగ్రత్త పడి ఉండాల్సిందా? పడి ఉండాల్సిందే. ఒక్క దళాన్ని దూరంగానైనా వెంట పెట్టుకుని ఉండాల్సింది. కానీ అలా పెట్టుకునే మనిషి అయితే గోపీనాథంలో గుడి కట్టించేవాడా అని అడిగితే నేను తడబడతాను.

వీరప్పన్ చావు సంగతి కూడా చూడండి. శ్రీనివాస్ పోయిన తరువాత దాదాపు 13 ఏళ్ళు రెండు రాష్ట్రాల బలగాలు అడవి జల్లెడ పట్టాయి. దొరకలేదు. చివరికి పోలీసు అధికారి విజయ్‌కుమార్ నాయకత్వాన తమిళనాడు దళం వేరే ఎత్తు వేసింది. మారువేషంలో తమ మనుషుల్ని అతని దగ్గరికి పంపి, మెల్లగా నమ్మకం సంపాదించింది. కంటిచూపు మందగించిన వీరప్పన్‌ను వైద్యానికి తీసుకెళ్తామని ఒప్పించింది. 2004 అక్టోబరు 18 రాత్రి ధర్మపురి దగ్గర పాపారపట్టి దారిలో ఒక అంబులెన్సు ఆగింది. అందులో వీరప్పన్, ముగ్గురు అనుచరులు. తోలుతున్నది పోలీసు. అడవిలో ముప్ఫై ఏళ్ళు ఎవరినీ నమ్మకుండా బతికినవాడు, ఆ ఒక్క రాత్రి పిలిచినవాళ్ళ మాట నమ్మి బండెక్కాడు.